కొండ ఎండిపోయిందని ఎవరు చెప్పారు మీకు?

వలిసె పూలు పూశాయంటే చాలు, విజయనగరం నుంచి బళ్ళు కట్టుకుని అరకు పరిగెడతాం, చేలో దిగిపోయి ఫొటోలు తీసేసుకుంటాం. అది రైతు నూనెగింజల కోసం వేసుకున్న పంట బాబూ, అడవిపువ్వు కాదు, తొక్కితే ఆయన నోట్లో మట్టే. సరే అదలా ఉంచండి. అదే జనం ఫాల్గుణం వచ్చేసరికి మన ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర శివుడి గుడి ఉన్న పుణ్యగిరి కొండ కేసి చూసి "ఏటుందక్కడ, అంతా ఎండిపోయింది" అంటారు చూడండి, అప్పుడు మండుతాది నాకు.

ఎండిపోలేదండీ, ఆకు రాల్చిందంతే. మోదుగకి ఆకున్నన్నాళ్ళూ విస్తళ్ళే గుర్తొస్తాయి మనకి, అసలు సంగతంతా ఆకు పోయాకే. శివరాత్రి జనం దిగిపోయాక ఎండెక్కకముందు ఓసారి వెళ్ళి ఒక్క పువ్వు దగ్గరగా చూడండి. కింద నల్లటి నూగు, దాన్లోంచి నిప్పురంగు రేకులు, అందులో ఒకటి చిలకముక్కులా వంగి ఉంటుంది. వాసన మాత్రం సున్నా. అయినా వాసనతో దానికేం పని, అది పిలిచేది పిట్టల్ని, లోపల తేనె పెట్టుకుని మరీ పిలుస్తాది. గోరింకలు, ఏట్రింతలు, తేనెపిట్టలు, మధ్యలో దూరిపోయే ఉడత, అన్నీ ఒక్క చెట్టు మీదే కొట్టుకు చస్తుంటాయి. ఒక గోరింకైతే మొహమంతా పుప్పొడి పూసుకుని పక్కచెట్టుకి ఎగిరిపోయింది. బళ్ళో పరాగసంపర్కం అని బొమ్మేసి మార్కులు కొట్టేశాం గాని ఇదెప్పుడైనా చూశామా మనం?

మేకలు తోలుకొస్తున్న తాత ఒకాయన ఆగి "ఏటి బాబూ, సెట్టుకేసి అలగ సూత్తన్నావు, ఏటైనా పోయిందేటి?" అన్నాడు. పూలు చూస్తున్నా తాతా అన్నాను. "ఓస్, ఇయ్యేటి సూత్తావు, ఆ బూరుగు కాడికెల్లు, కాకుల గోల ఇనబడట్లేదేటి?" అన్నాడు. వెళ్తే నిజమే, ఎర్రటి పూలు దబ్బుదబ్బుమని రాలుతున్నాయి, నేను పైకి చూసేలోపే ఆయన మేకలు కిందవి నమిలేస్తున్నాయి.

మనకేమో దూరం నుంచొచ్చిందంటేనే గౌరవం. టెక్కలి దగ్గర తేలినీలాపురం చింతచెట్ల మీద పిల్లల్ని పెంచుకునే గూడబాతుల్ని, ఎర్రకాళ్ళ కొంగల్ని ఇప్పటికీ "సైబీరియా పక్షులు" అనే అంటాం, అవి మన దేశం పక్షులే, సైబీరియా మొహం కూడా చూసుండవు! పక్షికైనా ఫారిన్ పాస్‌పోర్టు ఉండాలి మన దగ్గర.

ఇంకోటి, ఈ ఎండాకు అంటుకోవడం. ఇప్పపువ్వు ఏరుకునేవాళ్ళు చెట్టుకింద ఆకు కాలుస్తారని తప్పంతా వాళ్ళమీదే తోసేస్తారు. కాలుస్తారు, నిజమే, ఒక్కోసారి మంట చెయ్యి దాటిపోతుంది కూడా, కానీ అది వాళ్ళ కూడు. కొండెక్కి మందు పార్టీ చేసుకుని సిగరెట్ పీక ఆకుల్లో విసిరేసి పోయేవాడికి ఏటి అవసరం? నేలమీద గూడు పెట్టే పిట్ట, అప్పుడే మొలిచిన మోదుగ పిల్ల, అన్నీ బూడిదే. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 ఫారెస్ట్ చట్టం కింద నేరమని వీళ్ళలో ఎంతమందికి తెలుసో.

వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. ఉద్దానం జీడితోటల వైపైతే మాత్రం చీకటితో ఒంటరిగా వద్దు, పళ్ళ కోసం ఎలుగుబంట్లు దిగుతాయి. రీలు తీసుకుంటారా, తీసుకోండి, నేనేం అనను, కొమ్మ విరిచి చెవిలో పెట్టుకున్నారంటే మాత్రం కామెంట్స్‌లో తగులుకుంటాను.