దిద్దిన కోడ్ చేతిలో పెట్టడం సాయం కాదు

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల చుట్టూ ఉన్న జిరాక్స్ సెంటర్లకు ఊపిరాడదు. ల్యాబ్ రికార్డులు చేతులు మారుతుంటాయి. సీ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్ రన్ కాకపోతే పిల్లలు ఫొటో తీసి సీనియర్‌కు వాట్సాప్ చేస్తారు, కాసేపట్లో దిద్దిన కోడ్ వచ్చేస్తుంది. సీనియర్ దొరక్కపోతే చాట్‌జీపీటీ ఎలాగూ ఉంది. అసైన్‌మెంట్ గట్టెక్కుతుంది. దీన్నే మనం సాయం అంటున్నాం. నేర్చుకోవాల్సిన పనిని పిల్లల చేతుల్లోంచి లాగేసుకోవడం సాయమెలా అవుతుంది?

ఫస్టియర్‌లో అందరూ రాసే ప్రోగ్రామే చూడండి. ఐదు సబ్జెక్టుల మార్కులు తీసుకుని మొత్తం, సగటు చూపించాలి. విద్యార్థి టోటల్ అనే వేరియబుల్‌కు, అంటే మొత్తాన్ని దాచుకునే చోటుకు, మొదట సున్నా ఇవ్వడం మరిచిపోయాడు. సీ భాషలో ఫంక్షన్ లోపల పెట్టిన మామూలు వేరియబుల్ దానంతటదే సున్నా అయిపోదు. ఆ మెమరీలో అంతకుముందు ఏ విలువ పడి ఉందో దాని మీదే లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం, మార్కులు కూడుతూ పోతుంది. అందుకే ఇంట్లో ల్యాప్‌టాప్‌లో 358 అని సరిగ్గా వచ్చిన మొత్తం, ల్యాబ్ సిస్టమ్‌లో లక్షల్లో రావచ్చు. ‘నిన్న వచ్చింది సార్, ఇవాళ వస్తలేదు’ అని ఆ కుర్రాడు టెన్షన్ పడతాడు. చాలామంది సార్లు నమ్మరు. కానీ అతను చెప్పేది నిజమే.

ఇప్పుడు సీనియర్ వచ్చి ఆ లైన్లో ‘= 0’ చేర్చి వెళ్లిపోతే అవుట్‌పుట్ వస్తుంది, రికార్డులో సంతకం పడుతుంది. ఎందుకు వచ్చిందో మాత్రం తెలియదు. అదే సీనియర్ కీబోర్డు ముట్టుకోకుండా, ‘లూప్‌లోకి పోకముందే టోటల్ ఎంతుందో ఒక ప్రింట్‌ఎఫ్ పెట్టి చూడు తమ్ముడూ’ అంటే చాలు. ప్రింట్‌ఎఫ్ అంటే విలువను తెరమీద చూపించే ఆదేశం. ఇంకా ఒక్క మార్కూ కలపకముందే తెరమీద పెద్ద అంకె కనిపిస్తుంది. మెమరీ అంటే ఏమిటో క్లాసులో గంట చెప్పినా ఎక్కనిది ఆ క్షణంలో ఎక్కుతుంది. సగటు దగ్గరా అంతే. 358ని 5తో భాగిస్తే 71.6 రావాలి, 71 వస్తోంది. ‘చేత్తో లెక్కేస్తే ఎంతొచ్చింది?’ అని అడగండి. రెండూ పూర్ణసంఖ్యలైతే సీ భాగహారంలో దశాంశం పోతుందన్న సంగతి వాళ్లే పట్టుకుంటారు, ఇక జన్మలో మరిచిపోరు.

ఈ వెతుకులాట మన పిల్లలకు కొత్త కాదు. బోరు మోటారు ఆగిపోతే నాన్న ముందు కరెంటు వస్తోందా చూస్తాడు, తర్వాత ఫ్యూజు, ఆ తర్వాత స్టార్టరు, కేబుల్. అవన్నీ చూశాకే మోటారు పైకి లాగే మాట. ప్రోగ్రామ్‌లోనూ ఎక్కడి దాకా సరిగ్గా నడుస్తోందో తేల్చుకుంటూ పోవాలి. దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో వచ్చిన పిల్లలకు ఇది చూస్తూ పెరిగిన తెలివి. ఇంగ్లిష్ ఎర్రర్ మెసేజ్ చూడగానే బెదిరిపోతారు, అంతే. పక్కన కూర్చుని మొదటి ఎర్రర్ ఒక్కటి తెలుగులో చదివించండి. ఒక్క బ్రాకెట్ మరిచిపోతే వరసగా బోలెడు ఎర్రర్లు పడతాయనీ, మొదటిది సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయనీ తెలిస్తే సగం భయం తీరుతుంది.

‘రేపే సబ్మిషన్, బ్యాచ్ నిండా పిల్లలు, ఒక్కొక్కరి పక్కన కూర్చునే తీరిక ఎవరికుంది? కంపెనీల్లో ఏఐ వాడట్లేదా?’ అంటారు. వాడుతున్నారు. ఏఐ ఇచ్చిన కోడ్‌లో తప్పు పట్టగలిగినవాళ్లకే అక్కడ విలువ. ఇక తీరిక సంగతంటారా, అడగడానికి ఒక్క ప్రశ్న చాలు.

అసలు జబ్బు మన రికార్డులోనే ఉంది. లక్ష్యం, అల్గారిథం, ప్రోగ్రామ్, అవుట్‌పుట్, ఫలితం. ఇందులో తప్పుకు చోటేది? 1947 సెప్టెంబరులో హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ మొరాయిస్తే, రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్చులో) ఇరుక్కున్న పురుగును తీసి ఇంజినీర్లు లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. ఆ పేజీ ఇప్పటికీ అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియం దగ్గర భద్రంగా ఉంది. వాళ్లు తప్పును దాచుకోలేదు, తేదీ వేసి మరీ రాసుకున్నారు. మన దగ్గర కొట్టివేత కనిపిస్తే రికార్డు మళ్లీ రాయిస్తారు. ఇలా నీటుగా కాపీ కొట్టడానికి మార్కులేసి, మూడేళ్ల తర్వాత పిల్లలకు స్కిల్స్ లేవని మనమే అంటాం.

పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టారు. ఎక్కడ ఏం కట్టాలో మాత్రం ఎవరో చెప్పారు. వాళ్ల మనవలు కంప్యూటర్ ముందు కూర్చుని కూడా ఎవరో ఇచ్చిందే టైప్ చేస్తూ ఉండిపోవాలా? 2023లో మహబూబ్‌నగర్‌లోనూ, నల్లగొండలోనూ ఐటీ టవర్లు తెరిచారు. అందులో ఉద్యోగాలు మన పిల్లలకే దక్కాలని సభల్లో అడుగుతున్నాం. అలా అడిగే ముందు ల్యాబ్ పరీక్ష మార్చాలి.

మహాత్మాగాంధీ, పాలమూరు యూనివర్సిటీలు ఈ పని చేయొచ్చు. ప్రాక్టికల్ పరీక్షలో పాఠమైన ప్రోగ్రామ్ రాయించడం మాని, తప్పులున్న ప్రోగ్రామ్ చేతికిచ్చి పట్టుకోమనాలి. రికార్డులో ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక పేజీ వదలాలి. ఏం రావాలి, ఏం వచ్చింది, ఎక్కడ వెతికాను, ఏం దొరికింది అని విద్యార్థి తన మాటల్లో, తెలుగులోనైనా సరే, రాయాలి. ల్యాబ్ మార్కుల్లో సగం ఆ పేజీకే ఇవ్వాలి.