గడియారంలో కాపురం పెట్టించే పెంట్‌హౌస్ గారికి

నంబర్ 1, మెయిన్ స్ట్రీట్, డంబో, బ్రూక్లిన్, న్యూయార్క్ అనే అడ్రసులో, బిల్డింగు నెత్తి మీద వెలసిన గడియారం పెంట్‌హౌస్ గారికి,

నమస్కారమండీ. నేనెవరో తమరికి తెలీదు, తెలిసే ఛాన్సు కూడా లేదు, ఎందుకంటే నేను కొనేవాణ్ణి కాదు. రాత్రి పన్నెండు దాటాక లైట్లన్నీ ఆపేసి, పక్క మీద వాలి, జన్మలో కొనలేని ఇళ్ళ ఫోటోలు ఫోన్లో ఒక్కోటీ జరుపుకుంటూ చూసే జాతి ఒకటుంది, ఆ జాతివాణ్ణి. వంటగది ఫోటో వస్తే "ఇంత వంటగదిలో గరిటె ఎక్కడ పెట్టామో వెతుక్కునేసరికే మధ్యాహ్నం అవుద్ది" అంటా, బాత్‌రూమ్ వస్తే "టబ్బు తీసుకెళ్ళి కిటికీ పక్కన పెట్టాడేంటి సిగ్గులేకుండా" అంటా, ఇలా మూడు నాలుగు కోట్ల డాలర్ల ఇళ్ళని కూడా నచ్చలేదని వదిలేసిన రోజులున్నాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారు కదా, నేనైతే అసలు ఎగరను, కింద పడుకునే స్వర్గానికి రివ్యూలు రాస్తుంటా.

కానీ తమరి పాత లిస్టింగు ఒకటి కనపడింది చూడండి, అక్కడ వేలు ఆగిపోయింది. (ఇక్కణ్ణుంచి నువ్వనే అంటా, ఏమనుకోకు. ఇంటిని మీరు అనేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు.)

మూడంతస్తులు, దాదాపు ఏడు వేల ఎస్సెఫ్టీ, మూడు బెడ్‌రూములు, ఇంట్లో ఇంట్లోనే పైకీ కిందికీ తిరగడానికి అద్దాల లిఫ్టు, సరే ఇవన్నీ డబ్బున్న ఇళ్ళన్నిటికీ ఉండే రోగాలే. నీ అసలు సంగతి నాలుగు గోడల్లో ఉంది. నాలుగు వైపులా నాలుగు గుండ్రటి కిటికీలు, ఒక్కోటి 14 అడుగులు, తీరా చూస్తే అవి కిటికీలు కావు, టవర్ గడియారం డయల్స్. అద్దం డయల్, మధ్యలో ఇరుసు, దానికి ముళ్ళు, ముళ్ళ వెనకాల బ్రూక్లిన్ బ్రిడ్జి, ఇటు పక్క సోఫా. మామూలుగా ఇల్లు కొనేవాడు ఈస్ట్ ఫేసింగా వెస్ట్ ఫేసింగా అని అడుగుతాడు. నీకు నాలుగు దిక్కులూ క్లాక్ ఫేసింగే, నీ ముందు వాస్తు సిద్ధాంతి కూడా చేతులెత్తేయాలి.

మొదట నీ పేరు గురించి మాట్లాడుకుందాం. పొద్దున్న లేచి మా నాయనమ్మకి నీ ఫోటో చూపించి పెంట్‌హౌస్ అంటారే దీన్ని అన్నా. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని, "పెంట ఇల్లా? అంత శుభ్రంగా ఉంటే పెంట అంటారేంట్రా పాపం" అంది. నవ్వాను గానీ తర్వాత ఆ మాట పుట్టుక చూస్తే ఆవిడే నయం అనిపించింది. పాత ఫ్రెంచిలో అపెంటిస్ అని ఓ మాట, పెద్ద ఇంటి గోడకి ఆనించి వాలుగా దించిన షెడ్డు, అంటే మన వెనక వసారా లాంటిది. అది ఇంగ్లీషు వాళ్ళ నోట్లో పడి పెంటిస్ అయింది, చివర్లో 'ఇస్' అని వినపడేసరికి ఇదేదో హౌస్ అయ్యుంటుందిలే అనుకుని జనం హౌస్ తగిలించేశారు. అంటే నీ పేరు మొత్తం తప్పుగా వినడం వల్ల పుట్టిందే, మా నాయనమ్మ కొత్తగా చేసిన నేరమేం లేదు. పైగా వసారా. చీపుర్లూ పాత డబ్బాలూ పెట్టుకునే చోటు పేరు పెట్టుకుని ఎంత పోజు కొడతావు!

అసలు పై అంతస్తంటే గొప్ప అని ఎవడన్నాడు? పాతకాలం రోమ్‌లో అద్దె మేడలుండేవి, డబ్బున్నోడు కింద, లేనోడు పైన, ఎందుకంటే మెట్లెక్కాలి, నీళ్ళు మొయ్యాలి, అగ్గి అంటుకుంటే ఆఖర్న దిగేది పైవాడే. తర్వాత కూడా వందల ఏళ్ళు యూరప్‌లో అటక గదులు పనివాళ్ళకే ఇచ్చేవాళ్ళు. 1854లో ఓటిస్ అనే ఆయన న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో లిఫ్టు బల్ల మీద నిలబడి, తాడు కోయించుకుని, పడిపోకుండా బ్రేకు పట్టుకోవడం జనానికి చూపించాడు, లిఫ్టంటే భయం పోవడం అక్కణ్ణుంచి మొదలు. తర్వాత మెల్లిగా పనివాళ్ళు పైనుంచి కిందకి దిగారు, యజమానులు కిందనుంచి పైకెక్కారు. నువ్వెక్కిన ఎత్తంతా ఒక బ్రేకు పుణ్యం, అది మర్చిపోకు.

ఇంక నీ వంశం. నువ్వేదో రాజప్రాసాదం అన్నట్టు ఫోటోలు దిగావు గానీ, అమ్మా, నువ్వు పుట్టింది అట్టపెట్టెల ఫ్యాక్టరీలో. రాబర్ట్ గైర్ అని స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆయన న్యూయార్క్‌లో కాగితం సంచులు చేసేవాడు. 1879లో విత్తనాల సంచులు ప్రింటు అవుతుంటే మిషన్లో మడత గీత వెయ్యాల్సిన ఇనప బద్ద కాస్త పైకి జరిగి, గీత పడకుండా సంచులు తెగిపోయాయట, వేల సంచులు నాశనం. మనమైతే ఆపరేటర్ని నాలుగు తిట్టి జీతంలో కోసేవాళ్ళం. ఆయన మాత్రం ఆ తెగిన కాగితం చూసి, ఓహో, ఒకే దెబ్బకి కోతా మడతా రెండూ వేసేయొచ్చన్నమాట అనుకున్నాడు, అలా పుట్టింది ముందే కోసి మడతలేసి పెట్టే అట్టపెట్టె. బిస్కెట్ పెట్టె, చెప్పుల పెట్టె, అన్నీ దాని సంతానమే. ఆ అట్టల డబ్బుతో బ్రూక్లిన్‌లో నది ఒడ్డున వరసగా కాంక్రీటు బిల్డింగులు లేపాడు, జనం ఆ ఏరియాని గైర్‌విల్ అనేవాళ్ళు. 1914 ప్రాంతంలో వాటిలో ఒకటి పదహారంతస్తులు కట్టి పైన గడియారం టవర్ పెట్టాడు. ఆ టవరే నువ్వు. అట్టపెట్టెలు చేసే చోట చివరికి మనిషిని పెట్టే పెట్టె కూడా తయారైంది, దీనికి మాత్రం బాగా పాలిష్ కొట్టారు, అంతే తేడా.

ఫ్యాక్టరీలు పోయాక 1970ల్లో ఆ ఖాళీ గోడౌన్లలో ఆర్టిస్టులు చేరారు, చవగ్గా వస్తాయని. మాన్‌హాటన్ బ్రిడ్జి కింద ఉంది కాబట్టి "డౌన్ అండర్ ది మాన్‌హాటన్ బ్రిడ్జ్ ఓవర్‌పాస్" అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి డంబో అని పేరు పెట్టారు, కావాలనే అంత దరిద్రంగా పెట్టారని చెప్పుకుంటారు, ఇంత వెకిలి పేరున్న ఏరియాలో ఏ బిల్డరైనా ఫ్లాట్లు అమ్ముతాడా, మనల్ని ప్రశాంతంగా వదిలేస్తారు అని వాళ్ళ ఆశ. పాపం, పిల్లాడికి దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెట్టినట్టు పెట్టారు. ఆ చుక్కే బ్రాండు అయిపోయి కూర్చుంది. ఇప్పుడు ఆ వెకిలి పేరు చెప్పే ఎస్సెఫ్టీకి రేటు పెంచుతున్నారు.

రేటు అన్నాను కదా, ఇక్కడ కాస్త కూర్చుని లెక్కేద్దాం, నాకు నిద్ర ఎలాగూ రావట్లేదు. 1981లో డేవిడ్ వాలెంటాస్ అనే బిల్డరు డంబోలో దాదాపు 20 లక్షల ఎస్సెఫ్టీ పాత బిల్డింగులన్నీ కలిపి 1.2 కోట్ల డాలర్లకి కొన్నాడు. అంటే ఎస్సెఫ్టీ ఆరు డాలర్లు. తర్వాత 1990ల చివర్లో నీ బిల్డింగుని ఫ్లాట్లు చేసి అమ్మారు, నిన్ను మాత్రం దాచారు. దాచి దాచి 2009లో మార్కెట్లో పెడితే నీ ఒక్కదాని రేటు 2.5 కోట్ల డాలర్లు! ఎస్సెఫ్టీ మూడున్నర వేల పైమాటే. పేటంతా కలిపి కొన్నదానికి రెట్టింపు కన్నా ఎక్కువ, ఒక్క నెత్తి మీద టోపీకి. ఊరంతా కొన్నాక ఊరి గడియారం అమ్మాలంటే ఎంతకి అమ్మాలో తెలియని కంగారు అనుకుంటా అది.

అయితే మార్కెట్ కూడా తక్కువ తిన్లేదు. నువ్వు ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా కూర్చున్నావు. వచ్చినోళ్ళు వచ్చారు, ఆహా ఓహో అన్నారు, ఫోటోలు దిగారు, పోయారు, ముళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, రేటు దిగుతూనే ఉంది. చివరికి 1.5 కోట్లకి పోయావు. నిజం చెప్పు, రాత్రిళ్ళు ఖాళీ హాల్లో నాలుగు గడియారాల మధ్య ఒక్కదానివే కూర్చుని, టిక్కుకో ఎంత పడిపోతున్నానా అని లెక్కేసుకున్నావా లేదా? నీ అంత ఖచ్చితంగా టైము చూసుకుంటూ అమ్ముడుపోకుండా కూర్చున్న ఇల్లు ఇంకోటి ఉండదు.

ఇప్పుడు నన్ను అసలు పడుకోనివ్వని విషయానికొస్తా. డయలేమో బయటికి చూస్తుంది, కాపురం ఉండేవాడేమో లోపల. అంటే వాడికి గడియారం తిరగబడి కనపడుతుంది. ముళ్ళు కుడి నుంచి ఎడమకి, అంటే వెనక్కి తిరుగుతాయి. బయట మూడైతే లోపల తొమ్మిది. బయట తొమ్మిదైతే లోపల మూడు. పన్నెండింటికీ ఆరింటికీ తప్ప సరిగ్గా గంట కొట్టే టైములన్నీ అబద్ధమే. కిందన వీధిలో పైసా ఇవ్వకుండా నడిచిపోయేవాడికి కరెక్టు టైము, కోటిన్నర డాలర్లు పోసినవాడికి తిరకాసు టైము. ఇదెక్కడి న్యాయం అని నేనడగను, ఇది నాకు భలే నచ్చింది, అందుకే ఈ ఉత్తరం.

ఆ ముల్లు సంగతి కూడా చూడు. డయల్ 14 అడుగులంటే, నిమిషాల ముల్లు ఆరడుగులు ఉందనుకో, దాని కొస నిమిషానికి ఏడున్నర అంగుళాలు నడుస్తుంది. అంటే జానెడు కాస్త తక్కువ. మన ఇళ్ళల్లో గడియారం ముల్లు కదిలినట్టు కనపడదు కాబట్టే మనం సుఖంగా బతుకుతున్నాం, అక్కడ ఆదివారం పొద్దున కాఫీ పట్టుకుని కూర్చుంటే మనిషంత ముల్లు కళ్ళముందే జానెడు జానెడు జరుగుతూ ఉంటుంది, దాని నీడ సోఫా మీంచి, తివాచీ మీంచి, నీ కాళ్ళ మీంచి పాకుతుంటుంది. సెలవు తీసుకున్నవాడు కూడా ఆఫీసుకి పరిగెత్తాలి, అంత భయమేస్తుంది. మా ఇంట్లో గోడ గడియారం పది నిమిషాలు ముందు పెట్టుకుంటాం, లేట్ అవ్వకుండా, అందరికీ ఆ పది నిమిషాల సంగతి తెలుసు కాబట్టి అందరం లేటే. నీ దగ్గర ఆ సౌఖ్యం లేదు, పది నిమిషాలు ముందు పెడితే పేటంతా పది నిమిషాలు ముందుకెళ్ళిపోద్ది.

పైగా అమెరికా వాళ్ళు మార్చిలో ఓసారి, నవంబర్లో ఓసారి గంట ముందుకీ వెనక్కీ జరుపుకుంటారు. మిగతావాళ్ళు మైక్రోవేవ్ దగ్గర నిలబడి రెండు బటన్లు నొక్కుతారు. నీ ఇంటాయన సెట్ చెయ్యాల్సింది ఏకంగా హాలు కిటికీలు, అదీ నాలుగు! ఒకటి మర్చిపోయాడనుకో, నదివైపు వాళ్ళకో టైమూ వంతెనవైపు వాళ్ళకో టైమూ, ఇంక ఆయన ఫోను మోగుతూనే ఉంటుంది.

ఇంకో డౌటు. కర్టెన్ ఎలా కడతారు? గుండ్రటి 14 అడుగుల అద్దానికి, మధ్యలో ఇరుసు ఉంటే, కడ్డీ ఎక్కడ బిగిస్తారు? కట్టకపోతే, టైమెంతయిందా అని తలెత్తిన ప్రతివాడూ నీ హాల్లోకే చూస్తాడు. మామూలు పెంట్‌హౌస్‌కి ఉండే గొప్పేంటంటే పైనుంచి నువ్వు అందర్నీ చూస్తావు, నిన్నెవరూ చూడరు. నీ దగ్గర పనిగట్టుకుని చూస్తారు, చూడ్డం వాళ్ళ హక్కు, గడియారం కదా. ఐదు దాటి ఇరవై నిమిషాలు, వెనకాల బనీన్లో ఒకాయన పళ్ళు తోముకుంటున్నాడు. అలా టైము చెప్పుకోవాలి.

వ్యూ గురించి బ్రోకర్లు ఎంత రాసినా నేను కాదనను, అటు 1883 నాటి బ్రూక్లిన్ బ్రిడ్జి, ఇటు 1909 నాటి మాన్‌హాటన్ బ్రిడ్జి, మధ్యలో నది, అవతల మాన్‌హాటన్. కానీ ఫోటోకి సౌండ్ ఉండదు కదా, అదే మీ అదృష్టం. ఆ మాన్‌హాటన్ బ్రిడ్జి మీద బీ, డీ, ఎన్, క్యూ నాలుగు లైన్ల మెట్రో రైళ్ళు గడగడలాడుతూ పోతాయి, రాత్రి కూడా పూర్తిగా ఆగవు. రైల్వే గేటు పక్కన ఇల్లంటే మన దగ్గర అద్దె తగ్గించమని అడుగుతారు, మీ దగ్గర దాన్ని వ్యూ అంటారు.

నువ్వొక్కదానివే వింత అనను. నదికి అవతల మాన్‌హాటన్‌లో 1890ల నాటి ఆకాశహర్మ్యం పైన నాలుగంతస్తుల పెంట్‌హౌస్ ఉంది, అందులో పైనుంచి కిందకి దిగడానికి మెట్లు చాలక స్టీలు జారుడుబండ పెట్టించారు, ఎనభై అడుగులు. ఇంకోచోట కారుతో సహా లిఫ్టెక్కి మీ అంతస్తులోనే పార్క్ చేసుకోవచ్చు. చిన్నప్పుడు మనకి పార్కులో దొరికినవన్నీ పెద్దయ్యాక వీళ్ళు ఇంట్లోకి కొని తెచ్చుకుంటున్నారు. అయితే జారుడుబండ అమ్మినవాడు జారుడుబండే ఇచ్చాడు. నువ్వు మాత్రం ఊరందరూ తలెత్తి చూసుకునే వస్తువు తీసి ఒకరి హాల్లో పెట్టి, పైగా తిరగేసి చూపిస్తున్నావు, ఈ తెలివి జారుడుబండకి లేదు.

సరే, చాలా రాశాను. నిన్ను కొన్నాయనకి నా తరఫున ఒక చిన్న మాట చెప్పు, ఎవరైనా "టైమెంతండీ" అని అడిగితే ఆయన చెయ్యి చూసుకుంటాడా, గోడ చూసుకుంటాడా, ఫోన్ చూసుకుంటాడా, అది ఒక్కటి కనుక్కుని చెప్తే చాలు. జవాబు రాకపోయినా పర్లేదు.

ఇక్కడ రాత్రి మూడయింది, పొద్దున ఏడింటికి లేవాలి. కానీ నీ లోపల్నుంచి చూస్తే ఇంకా తొమ్మిదే కదా, ఇంకో నాలుగు ఇళ్ళు చూసి పడుకుంటా.

ఇట్లు,
నిన్ను కొననివాడు