మామోగ్రామ్ మానేసి ఎమ్మారై తీయించుకోమంటున్న మెసేజ్‌కు జవాబు

కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో రొమ్ము క్యాన్సర్ పరీక్షల గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది: "అక్కచెల్లెళ్లారా, మామోగ్రామ్ వద్దు. దాని రేడియేషన్‌తోనే క్యాన్సర్ వస్తుంది, నొక్కితే గడ్డ పగిలి ఒళ్లంతా పాకుతుంది. ఏటా ఎమ్మారై తీయిస్తే చాలు, ఏదీ తప్పించుకోదు. బయాప్సీ కూడా అక్కర్లేదు." మంచికే పంపుతుండొచ్చు. కానీ ఇది నమ్మి ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

మామోగ్రామ్ అంటే రొమ్మును పలకల మధ్య నొక్కి తీసే ఎక్స్‌రే, కాబట్టి రేడియేషన్ ఉన్న మాట నిజమే. అది సుమారు 0.4 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌కు కొలత). నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ తగులుతాయి. అంటే రెండు నెలల్లో ఊరికే తగిలేదే ఇది. నొక్కేది కొన్ని సెకన్లు. నొప్పి ఉంటుంది, దాంతో క్యాన్సర్ పాకదు.

"ఏదీ తప్పించుకోదు" అన్న మాట దగ్గరే నా అసలు అభ్యంతరం. అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మ తీసే ఎమ్మారై గొప్ప పరీక్షే, కాదనను. బోర్లా పడుకోబెట్టి, రొమ్ములు రెండూ కాయిల్ (సిగ్నల్ పట్టే పరికరం) గుంతల్లోకి వేలాడేలా సర్ది, చేతి నరానికి గాడోలినియం మందు ఎక్కిస్తారు. క్యాన్సర్ గడ్డ కొత్త రక్తనాళాలు పెంచుకుంటుంది కాబట్టి మందు అక్కడికి త్వరగా చేరి మెరుస్తుంది. అయితే మెరిసిందల్లా క్యాన్సర్ కాదు. ప్రమాదం లేని ఫైబ్రోఅడినోమా గడ్డలూ మెరుస్తాయి, నెలసరి దగ్గరపడితే మామూలు రొమ్మూ మెరుస్తుంది. అందుకే నెలసరి మొదలైన 7 నుంచి 14 రోజుల మధ్య తీస్తారు. ఇక పాలనాళాల్లో తొలిదశ క్యాన్సర్‌కు చాలాసార్లు ఆనవాలయ్యే సన్నటి కాల్షియం చుక్కలు మామోగ్రామ్‌లో తెల్లగా తేలతాయి, ఎమ్మారైలో ఆ చుక్కలు కనపడవు.

మరి ఏటా ఎమ్మారై ఎవరికి? ముఖ్యంగా రొమ్ము క్యాన్సర్ ముప్పును బాగా పెంచే బీఆర్‌సీఏ జన్యులోపం ఉన్నవాళ్లకు, 10–30 ఏళ్ల వయసు మధ్య ఛాతీకి రేడియేషన్ చికిత్స పడినవాళ్లకు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2007లో ఈ మాట చెప్పినప్పుడు కూడా మామోగ్రామ్‌తో పాటు అనే చెప్పింది, బదులుగా అనలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లూ గర్భిణులూ గాడోలినియం గురించి ముందే డాక్టర్‌కు చెప్పాలి. మెసేజ్‌లో ఆ ఊసే లేదు.

బయాప్సీ అక్కర్లేదనడం అన్నిటికన్నా చేటు. అది క్యాన్సరా కాదా, అయితే హార్మోన్లతో పెరిగే రకమా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువున్న రకమా అన్నది సూదితో తీసిన ముక్కను పరీక్షిస్తేనే తేలుతుంది. మందులు దాన్ని బట్టే. చేతికి గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం కారినా, ఎమ్మారైకి డబ్బు కూడేదాకా ఆగకండి. ఆదోని నుంచైనా పత్తికొండ నుంచైనా బస్సెక్కి కర్నూలు పెద్దాసుపత్రి సర్జరీ ఓపీకి రండి. ఏ పరీక్ష ముందో డాక్టర్లు చూసి చెబుతారు.