ఏ కాలైనా ఈ మాట అంటుందా?

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. ఆఖరుగా పంపింది మా బాబాయి. "సోషియాలజీ అనే మోసం: ఐదు నిజాలు" అని పైన పెద్ద అక్షరాలు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పిల్లలకు పదకొండేళ్లుగా ఈ సబ్జెక్టే చెప్తున్నాను. పోనీలే అని ఊరుకున్నాను. నిన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, "సార్, అందులో నాలుగో పాయింట్ పరీక్షలో రాయొచ్చా?" అని అడిగింది. ఇక ఊరుకోవడం నావల్ల కాదు.

ఒకటి, ఇది విదేశీ చదువు, మనకెందుకని. బొంబాయి విశ్వవిద్యాలయంలో ఈ శాఖ 1919లోనే మొదలైంది. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ పక్కనున్న మన శామీర్‌పేటను పరిశీలించి రాసిన పుస్తకం 1955లో అచ్చయింది. ఇంకేం కావాలి?

రెండు, ఇదంతా కామన్‌సెన్సేనట. ఆత్మహత్య ఎవరికి వారి సొంత బాధ అనేది కామన్‌సెన్స్. ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త దుర్ఖైమ్ 1897లో లెక్కలు ముందేసుకుని చూస్తే, చనిపోయే మనుషులు ఏటా వేరు, కానీ ఒక్కో సమాజంలో ఆ రేటు మాత్రం పెద్దగా మారడం లేదు. ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, క్యాథలిక్కులలో తక్కువ. ఇది ఎవరికి ముందే తెలుసు?

మూడు, "సమాజం అనేదే లేదు, ఉన్నది మనుషులే." మా ఇంటి వరండాలో కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. అంచు కాస్త సొట్టపోయింది. కొత్తగా పనికి వచ్చినామెకు మా ఆవిడ టీ పోయబోతే, ఆమె తనంతట తానే వెళ్లి ఆ గ్లాసు తెచ్చుకుంది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. దాన్ని అక్కడ పెట్టిన మా అమ్మ పోయి నాలుగేళ్లయింది. మరి ఆమె చెయ్యిని అటు నడిపించింది ఎవరు? మనిషికి బయట ఉండి మనిషిని నెట్టే ఇలాంటి వాటినే దుర్ఖైమ్ సామాజిక వాస్తవాలు అన్నాడు. ఆ రోజు దాకా ఆ గ్లాసు నా కంటికి కూడా ఆనలేదు.

నాలుగోదే అసలు విషం. "తల పని తలది, కాలి పని కాలిది. సమాజమూ శరీరం లాంటిదేనని ప్రకార్యవాదులే ఒప్పుకున్నారు. కాబట్టి కులవృత్తి సైన్సే." ప్రకార్యవాదం అంటే, సమాజంలో ప్రతి ఏర్పాటుకూ ఒక పని ఉంటుందని చూసే ఆలోచన. ఈ పాయింట్ రాసినవాళ్లు దాని మొదటి పేజీ చదివి పుస్తకం మూసేశారు. శ్రమ విభజన గురించి 1893లో రాసిన దుర్ఖైమే, అంతస్తును బట్టి బలవంతాన పని అంటగట్టడాన్ని జబ్బు కింద లెక్కగట్టాడు, అక్కడ కులం పేరు కూడా ఎత్తాడు. ఒక ఏర్పాటు వల్ల మేలు ఎవరికి, కీడు ఎవరికి అని అడిగిన అమెరికన్ సమాజశాస్త్రవేత్త మెర్టన్ కూడా ప్రకార్యవాదే. ఇక అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు: కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా.

పోయిన వానాకాలం మా గల్లీలో మ్యాన్‌హోల్ పొంగింది. వచ్చినాయన చొక్కా విప్పి గోడ మీద పెట్టి, నిక్కరుతో నడుము లోతు దిగాడు. చేతికి గ్లవ్స్ లేవు. రక్షణ సామగ్రి లేకుండా అలా దించడం 2013 చట్టం ప్రకారం నేరం. పైకి వచ్చాక నేను బాటిల్‌తో నీళ్లు పోస్తుంటే మోచేతుల దాకా కడుక్కుంటూ ఆయన అన్న మాట: "మావోడు పాలిటెక్నిక్ చదువుతుండు సార్. వాన్ని దీన్లకు రానియ్య." ఏ కాలైనా ఈ మాట అంటుందా? ఈ మెసేజ్ పంపుతున్నవాళ్లలో ఒక్కరైనా తమ కొడుకును ఆ గుంతలోకి పంపుతారా?

ఐదు, సమాజాన్ని వర్గాల మధ్య పోరుగా చూసే సంఘర్షణ సిద్ధాంతం జనం మధ్య గొడవలు పెడుతుందట. మార్క్స్ పుట్టకముందు భూస్వామికీ కూలీకీ పేచీ లేదా? దీనికి ఇంతకుమించి జవాబు అక్కర్లేదు.

అయితే మెసేజ్ చివర ఒక వాక్యం ఉంది: "ఈ సబ్జెక్టులో పిల్లలు చేసేది బట్టీ పట్టడమే." ఆ మాట నిజం. ఎవరు, ఏ సంవత్సరం, ఏ భావన అంటూ బిట్లు చెప్పించేది నేనే. శామీర్‌పేట ఇక్కడికి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. పదకొండేళ్లలో ఒక్క బ్యాచ్‌నూ అక్కడికి తీసుకెళ్లలేదు.