'ఇద్దరూ' గారికి, వారి దీర్ఘానికి

మా చర్చి పారిష్ ఆఫీసు నోటీసు బోర్డు మీదున్న 'ఇద్దరూ' గారికి,

"జ్ఞానస్నానానికి తల్లిదండ్రులు ఇద్దరూ తప్పనిసరిగా రావలెను" అన్న వాక్యంలో పెద్దమనిషి మీరే కదా. (జ్ఞానస్నానం అంటే బాప్తిస్మమే లెండి.) జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి 'తల్లి' సగం చెరిగిపోయింది గానీ, మీ చివరి దీర్ఘం మాత్రం పిల్లి తోకలా లేచే ఉంది.

మా ఆయన కువైట్‌లో ఉన్నాడు, సెలవు దొరికేది డిసెంబరులో. పాపకి నాలుగో నెల. కృష్ణరాజపురం నుంచి రెండు బస్సులు మారి, చంకలో పిల్లతో ఆఫీసుకొస్తే, అక్కడి అంకుల్ మీ మీద వేలు పెట్టి "ఇద్దరూ అని రాసుందమ్మా" అన్నారు. దేవుడే దిగొచ్చినా జంటగా రమ్మనేలా ఉన్నారు.

ఇంతకీ మీరెక్కడ పుట్టారో చూద్దామని 1983 నాటి కతోలిక శ్రీసభ చట్టం తిరగేశాను. 868వ నిబంధన ప్రకారం తల్లిదండ్రులు, లేదా కనీసం వాళ్ళలో ఒకరు ఒప్పుకోవాలి, బిడ్డ విశ్వాసంలో పెరుగుతుందన్న నమ్మకం ఉండాలి. ఒకరు, అండీ! పైగా దాని ముందున్న 867 పుట్టిన మొదటి వారాల్లోనే ఇప్పించమని తొందరపెడుతోంది. అంటే డిసెంబరు దాకా ఆగితే ఆపింది మీరు, తప్పు మాది. ఆఖరికి బిడ్డ విశ్వాసానికి తోడుగా నిలబడే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి కూడా ఇద్దరూ అక్కర్లేదట, ఒక్కరున్నా చాలట.

అబద్ధం ఎందుకు, ఇద్దరూ ఉంటే బాగుంటుంది. "ఈ బిడ్డకు ఏం పేరు పెట్టారు?" అని ఫాదర్ అడిగినప్పుడు పక్కన ఇంకో గొంతు లేకపోతే ఎలాగో ఉంటుంది, నాకు ఉంది. ఫాదర్ తర్వాత పాప నుదుట సిలువ గుర్తు వేసే చెయ్యి కూడా ఒక్కటే అయింది. అందుకే మీ ముందు 'వీలైతే' అని ఒక్క మాట ఉంటే నేనే మీకు దండం పెట్టేదాన్ని.

చివరికి ఫాదర్ గారే విని, "నువ్వు ఒప్పుకుంటే చాలమ్మా, వచ్చే ఆదివారం తీసుకురా" అన్నారు. మా ఆయన వాట్సాప్ వీడియోలో ఉన్నాడు, సరిగ్గా "సాతానును విసర్జిస్తున్నారా?" అన్న చోట నెట్ ఆగిపోయి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు, పాప తల మీద మూడోసారి నీళ్ళు పడేసరికి కదిలాడు. విసర్జించాడో లేదో వచ్చాక అడుగుతాను.

అదే రోజు మా పక్కనే జ్ఞానస్నానం జరిగిన బాబు వాళ్ళ నాన్న స్వయంగా వచ్చాడు. కారుకి పార్కింగ్ దొరక్క వీధి వీధంతా తిరిగి తిరిగి, బాబు తల తుడుస్తుండగా లోపలికొచ్చి, ఫోటోలో నవ్వాడు. మీ లెక్కలో ఆయన హాజరు.

ఇట్లు,
ఒక్కదాన్నే వచ్చిన తల్లి