జేబు లేని ఇంటికొచ్చిన జేబు గడియారానికి

మహారాజశ్రీ జేబు గడియారం గారికి, హన్మకొండ బాలసముద్రం నుంచి ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ రాయునది. ఉభయకుశలోపరి.

నీ వయసుకు 'తమరు' అనాలి. కానీ నాకు అనుమానమున్నదే నీ వయసు మీద. అందుకని 'నువ్వు' అనే అంటాను, ఏమీ అనుకోకు.

నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టి నెల దాటింది. మా బావమరిది నిన్ను ఎర్ర వెల్వెట్ డబ్బాలో తెచ్చి నా చేతిలో పెట్టి, "బావా, నూట ముప్పై ఏండ్ల కిందటిది. ఇంగ్లండు రైలు డ్రైవర్ది. ముంబై చోర్ బజార్ల పట్టిన. పద్నాలుగు వేల ఐదు వందలు" అన్నాడు. నా పుట్టినరోజు అప్పటికి మూడు నెలల కిందటే అయిపోయింది. ఆ మాట నేను అనలేదు, మా ఆవిడ అంది. వాడు నీళ్లు నమిలాడు. వాడి తరఫున జవాబు నేనే చెప్పాను. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ కోసమని 1783లో బ్రెగే అనే మేస్త్రికి ఒక జేబు గడియారం ఆర్డరిస్తే, అది పూర్తయ్యేసరికి 1827 వచ్చింది. రాణి తల 1793లోనే పోయింది. 1823లో మేస్త్రి కూడా పోయాడు. ఆ లెక్కన మా వాడిది ఎక్స్‌ప్రెస్ డెలివరీ.

అసలు నేను గడియారాలు పోగేసేవాణ్ణి కాను. పాతికేళ్ల కింద క్లాసులో డోలనాలు చెబుతూ, మా నాయన హెచ్ఎంటీ వాచీ వెనక మూత తీసి అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం చూపించాను. సెకనుకు ఐదు కొట్లు, గంటకు 18,000. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. అంతే, ఆ రోజు నుంచి నేను 'గడియారాల సారు'. మాటవరసకు పాము మంత్రం తెలుసన్నవాడి తలుపు అర్ధరాత్రి కూడా కొడతారు చూడు, నా పరిస్థితి అట్లా అయింది. ఎవరింట్లో ఏ గడియారం ఆగిపోయినా, పారేయడానికి మనసొప్పకపోతే, దాన్ని రంగు కాగితంలో చుట్టి నాకు బహుమతి ఇస్తారు. ఊళ్లో ముసలి పశువులకు గోశాల ఉంది. ముసలి గడియారాలకు నేనున్నాను.

ఒక పాత విద్యార్థి హెచ్ఎంటీ జనతా తెచ్చాడు. అరవై ఏళ్ల కిందటి వాచీ అన్నాడు గానీ, డయల్ మీద రంగు నిన్నకాక మొన్న వేసినట్టు మెరుస్తోంది. ఒక వాచీ డయల్, ఇంకో వాచీ ముళ్లు, మూడో దాని మిషను కలిపి కొత్త రంగు కొట్టిన ఇట్లాంటి వాటికి ఈ లోకంలో 'ముంబై స్పెషల్' అని పేరు. ఇంకో మిత్రుడు పచ్చటి అంకెల అలారం ఇచ్చాడు. చీకట్లో వెలిగేదట ఒకప్పుడు, ఇప్పుడు వెలగడం లేదని ఆయన బాధ. వెలుగు పోయింది సరే. అందులో పూసింది రేడియం అయితే అది ఎక్కడికీ పోలేదు, సగం తరగడానికే 1,600 ఏళ్లు పడుతుంది. దాన్ని తెరవొద్దు, గీకొద్దు అని చెప్పి మా ఆవిడ మంచం పక్క నుంచి తీసి బయట పెట్టాను. రిటైర్మెంటు నాడు కాలేజీవాళ్లిచ్చిన గోడ గడియారం మాటెందుకు? నాలుగు నుంచి ఎనిమిది దాకా అంకెలన్నీ దాతల పేర్ల కింద మునిగిపోయాయి. రేపటి నుంచి టైముకు రానక్కర్లేదయ్యా అని చెబుతూ గడియారం చేతిలో పెట్టే పద్ధతి ఎవడు కనిపెట్టాడో గానీ వాడికో దండం. చైనాలో ఎవరికీ గడియారం బహుమతిగా ఇవ్వరు. వాళ్ల భాషలో ఆ మాట, చావు దగ్గరుండి సాగనంపడం అనే మాట ఒకేలా పలుకుతాయట. ఇది మా ఆవిడకు చెబితే, "వాళ్లే నయం" అంది.

సరే, నీ సంగతికొద్దాం. నువ్వు జేబు గడియారానివి. ఏ జేబులో ఉంటావు? ఇంట్లో నేను లుంగీ, బనియను. బయటికెళ్తే చొక్కా జేబులో ఫోను, కళ్లద్దాలు, మందుల చీటీ. మా అబ్బాయి జీన్స్‌కు కుడివైపు పెద్ద జేబులో బుల్లి జేబు ఉంటుంది చూడు, అది ఒకప్పుడు నీలాంటివాళ్ల కోసం కుట్టిందే. అందులో దూర్చి చూశాను. సగం లోపల, సగం బయట, చూరు పట్టుకుని వేలాడినట్టు వేలాడావు. గాంధీగారు తన జెనిత్ గడియారాన్ని నడుముకు వేలాడదీసుకునేవారు. ఆయన ధైర్యం నాకు లేదు. అసలు మా చిన్నప్పుడు వరంగల్లో సగం ఊరికి ఆజంజాహి మిల్లు సైరనే గడియారం. అది మోగితే అన్నం, మోగితే స్కూలు. దానికి జేబూ అక్కర్లేదు, కీ ఇవ్వడమూ అక్కర్లేదు.

నీ వీపు మీద రైలింజను బొమ్మ ఉంది. పొగ కూడా చెక్కారు పాపం. మా బావమరిది అది చూసే పడిపోయాడు. ఇంజను బొమ్మ ఉంటే రైల్వే గడియారమైపోతే, పులి బొమ్మ ఉన్న అగ్గిపెట్టె అడవి అయిపోవాలి. రైల్వే గడియారమంటే ఏమిటో చెబుతాను విను. 1891లో అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఒక డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడిచిందని, అందుకే ఆ ఘోరమని చెబుతారు. దాని తర్వాతే వెబ్ బాల్ అనే ఆయన అక్కడి రైల్వేలకు గడియారాల తనిఖీ పద్ధతి పెట్టాడు. క్రమంగా షరతులు బిగిశాయి: ముందు మూత ఉండకూడదు, కీ ఇచ్చే బొడిపె 12 దగ్గర ఉండాలి, అంకెలు పెద్దగా మామూలువై ఉండాలి, లోపల ఇరుసులు అరగకుండా పెట్టే కెంపు రాళ్లు కనీసం 17 ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు.

నీ పేపరు దిద్దాను. మూత లేదు, పాస్. బొడిపె 12 దగ్గరే ఉంది, పాస్. అంకెలు రోమన్, ఫెయిల్. రాళ్లు సున్నా. ఇక తేడా సంగతికి మళ్లీ వస్తాను, అది ఒక్క లైనులో తేలే వ్యవహారం కాదు. పైగా నీ డయల్ మీద 'రోస్కోఫ్ పేటెంట్' అని నువ్వే రాసుకున్నావు. రోస్కోఫ్ అనే ఆయన 1867లో స్విట్జర్లాండ్‌లో కష్టజీవుల కోసం 20 ఫ్రాంకులకే గడియారం అమ్మకానికి పెట్టాడు. 57 భాగాలతో తేల్చేశాడు. కెంపు రాళ్ల బదులు ఉక్కు పిన్నులు పెట్టాడు. అందుకే నీ టిక్కు టిక్కు పక్క గదిలోకి వినపడుతుంది. మహానుభావుడు చేసింది మంచి పనే. తర్వాత ఆయన పేరు పెట్టుకుని ఎవడు పడితే వాడు చేశాడు. కూలిమనిషి కోసం పుట్టినదానివి, దొర డ్రైవర్ని అని చెప్పుకుని పద్నాలుగు వేల ఐదు వందలకు అమ్ముడుపోయావు. నీ ధరలో ఇత్తడెంత, ఇనుమెంత, కథెంత అని లెక్క వేశాను. అంతా కథే. తప్పు నీ ఒక్కదానిదే కాదులే. గాంధీగారి జెనిత్ గడియారం, కళ్లద్దాలు, చెప్పులు, పళ్లెం, గిన్నె కలిపి 2009లో న్యూయార్క్ వేలంలో 18 లక్షల డాలర్లు పలికాయి. అక్కడా కొన్నది కథనే. కాకపోతే ఆ కథ నిజం.

ఇప్పుడు తేడా సంగతి. నువ్వు రోజుకు తొమ్మిది నిమిషాలు వెనక నడుస్తావు. మొదటి రోజు చూసి నిజంగా ముచ్చటపడ్డాను. 1906లో ఇప్పటి దేశ సమయం రాకముందు ఇక్కడి రైళ్లకు మద్రాసు టైమే టైము. ఇప్పటి టైముకు అది దాదాపు తొమ్మిది నిమిషాలు వెనక. ఆహా, పాత అలవాటు పోనివ్వలేదు అనుకున్నాను. రెండో రోజుకు పద్దెనిమిది నిమిషాలు. నాలుగు నిమిషాలు వెనకబడితే ఒక డిగ్రీ రేఖాంశం పడమరకు జరిగినట్టే కదా, సుద్దముక్క లేక కాగితం మీద లెక్కేశాను. రెండో రోజుకు హైదరాబాద్ దాటావు. నాలుగో రోజుకు నిన్ను కొన్న ముంబై దరిదాపుల్లోకి వెళ్లావు. ఐదో రోజుకు అరేబియా సముద్రం. ఇట్లాగే వదిలేస్తే 34వ రోజుకు స్విట్జర్లాండ్, అంటే నీ పుట్టిల్లు చేరతావు. కీ ఇచ్చేది నేను, ప్రయాణం నీది.

ముప్పయ్యో రోజున నిన్ను పట్టుకుని వరంగల్ స్టేషన్ రోడ్డుకు పోయాను. అక్కడ గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. మనిషి పట్టేంత గాజు డబ్బాలో కూర్చుంటాడు. ఇప్పుడాయన చేసేది ఎక్కువగా వాచీల బ్యాటరీ సెల్లు మార్చుడే. నిన్ను అరచేతిలో వేసుకుని, చాకు మొనతో వెనక మూత ఎత్తాడు. కంటికి భూతద్దం బిగించి లోపల చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. మూత లోపలివైపు సన్నటి గీతలున్నాయి. రిపేరు చేసినప్పుడల్లా మెకానిక్కులు సూదితో తమ గుర్తు గీసుకుంటారు. ఒకటి ఉర్దూలో ఉంది. ఒకటి ఇంగ్లిష్ అక్షరం, కింద ఏవో అంకెలు. చివరన చిన్న సున్నా, దాని కింద 88.

పెద్దాయన భూతద్దం తీశాడు. "సార్, ఇది నా గీత."

నాకర్థం కాలేదు.

"గిది మీకేడ దొరికింది?"

"ముంబైలో."

"ముంబై దాక పోయిందా!" అని నవ్వు మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. "డ్రైవర్ది కాదు, గార్డుది కాదు సార్. కాజీపేట స్టేషన్ ముంగట చాయ్ హోటల్ ఉండె. ఆ సేటుది. గల్లపెట్టె కాడ కూసోని, ఎవరన్న బండికి టైమైందా అంటే గిది తీసి చూపెట్టి, ఇంక టైమున్నది, ఇంకో చాయ్ తాగొచ్చు అంటుండె. దీని మాట విని ఎంతమంది బండి తప్పిండ్రో."

"మరి మీరు సరిచేయలేదా?"

"జేస్తనన్న. ఆయన్నే వద్దన్నడు. లేటు గట్లనే ఉండనియ్యి, స్ప్రింగు మాత్రం మార్చు అన్నడు."

1929లో బల్లార్షా లైను కలిశాక ఢిల్లీ నుంచి మద్రాసు పోయే దారి కాజీపేట మీదుగా పడిందనీ, అందుకే అది జంక్షన్‌గా పెరిగిందనీ నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. ఆ జంక్షన్‌లో తొమ్మిది నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున పెరిగిన వ్యాపారం ఒకటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

"ఇప్పుడు జెయ్యాల్నా సార్, టైము?" అని అడిగాడు పెద్దాయన. వద్దన్నాను. పెట్రోలుతో కడిగి, నూనె చుక్కలు వేసి, పాత సున్నా పక్కన ఇంకో సున్నా గీశాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. దారిలో ఉండగానే బావమరిది ఫోను. "నడుస్తాందా బావా?" నడుస్తోందన్నాను. "మరి ఊరికెనా, ఇంగ్లండు డ్రైవర్ది" అన్నాడు. అవునన్నాను. పద్నాలుగు వేల ఐదు వందలు పోసినవాడికి ఆ మాత్రం డ్రైవరు ఉండాలి.

ఈ సాయంత్రం బండికి మేం హైదరాబాద్ పోవాలి. వాడి కొత్త ఫ్లాటు గృహప్రవేశం. వాడు నాకోసం ఇంకో గడియారం చూసి పెట్టాడట, నవాబుల కాలందట. సంచులు గుమ్మంలో ఉన్నాయి. మా ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వంటింట్లోంచి కేకేసింది, "టైమెంతయిందయ్యా?" అని. ఫోను చార్జింగులో ఉంది. నిన్నే తీసి చూశాను.

ఇంకో చాయ్ తాగొచ్చు అన్నాను.