పసుపు స్టిక్కర్‌ను వెంటనే నిషేధించాలి

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల పరువు తీస్తున్న వస్తువొకటి మన గరాజుల్లోనే దాక్కుని ఉంది. ఎస్‌యూవీలో డ్రైవర్ తలుపు తెరవండి. గొళ్లెం పడే చోట, పసుపు గీతతో అరచేతంత స్టిక్కర్ కనిపిస్తుంది. టైర్లలో గాలి ఎంతుండాలో చెప్పి ఊరుకోకుండా, మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించరాదని ఆంక్ష పెడుతుంది. ఒక కారులో అది 1,350 అనుకుందాం. వెనక 5,000 పౌండ్ల క్యాంపింగ్ ట్రెయిలర్‌ను లాగుతుందని డీలర్ నోరారా చెప్పి, తాళాలు చేతిలో పెట్టి, ఫొటో కూడా తీశాక, మధ్యలో ఈ చీటీ ఎవరతికించారు? ఎవర్నడిగి అతికించారు?

మనకు తూకం తెలియదని ఎవరైనా అంటే ఒప్పుకునేది లేదు. ఇండియా ప్రయాణానికి ముందురోజు రాత్రి ఏ తెలుగింట్లోకైనా తొంగి చూడండి. చేతి త్రాసుకు సూట్‌కేసు వేలాడదీసి, 23 కిలోలకు వంద గ్రాములు తక్కువలో ఆపి, మిగిలిపోయిన బాదంపప్పు ప్యాకెట్టును కోటు జేబులోకి తోసేంత నేర్పు మనది. అదే ఇంట్లోవాళ్లు నాలుగు వేల పౌండ్ల ట్రెయిలర్ చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, 'పర్లేదు, లాగేస్తుంది' అని తేల్చడంలో తప్పేమీ లేదు. విమానాశ్రయంలో కౌంటరుంది, అదనపు బరువుకు రుసుముంది. ఇంటర్‌స్టేట్ ఎక్కే ర్యాంపు దగ్గర ఆ రెండూ లేవు. డబ్బు కట్టించుకునేవాడు లేనిచోట బరువు కూడా ఉండదన్నది మన భౌతికశాస్త్రం.

ఇంతకీ ఆ 5,000 ఎలా పుట్టింది? బండి ఎంత లాగగలదో తేల్చడానికి వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ పెట్టిన జే2807 అని ఒక ప్రమాణం ఉంది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ నుంచి పైకెక్కే 68వ నంబరు రోడ్డు మీద 11.4 మైళ్లు, ఏసీ పూర్తిగా వేసుకుని, వేగం 40 మైళ్లకు తగ్గకుండా ఎక్కాలన్నది అందులో ఒక పరీక్ష. బాగానే ఉంది. కానీ ఆ లెక్కలో కారులో కూర్చున్నవాళ్లు ఇద్దరే. ఒక్కొక్కరు 150 పౌండ్లు. పిల్లల్లేరు, అత్తగారు లేరు, సోనా మసూరి బస్తా లేదు, 'దారిలో తిందాం' అని చేసిన పులిహోర గిన్నె లేదు. అలాంటి దిక్కులేని ప్రయాణానికి తేల్చిన అంకెను మనం మాత్రం నెత్తిన పెట్టుకున్నాం.

సరే, స్టిక్కర్ ఎంత అన్యాయంగా లెక్క కడుతుందో చూద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వేసవికి వచ్చిన అమ్మానాన్నలు: ఆరుగురూ కలిసి 750 పౌండ్లు. ఇందులో పెద్దవాళ్లిద్దరిదీ 290. కారు వెనక ఐస్ బాక్సు, బియ్యం, కుక్కర్లు, స్ట్రోలర్ కలిపి 150. ట్రెయిలర్‌ను కారుకు తగిలించే కొక్కెం, అంటే హిచ్, బరువును సర్దే రకంది కొంటే దాని ఇనుమే 80. అప్పటికి 980. ట్రెయిలర్ తగిలించకముందే మిగిలింది 370.

ఇక ట్రెయిలర్. బ్రోచర్‌లో 3,500 అనుంటుంది. అది ఫ్యాక్టరీ గేటు దగ్గరి బరువు. ముందు భాగంలో కూర్చునే రెండు ప్రొపేన్ సిలిండర్లు నిండితే సుమారు 75, బ్యాటరీ 55. మంచినీళ్లు గాలన్‌కు 8.34 పౌండ్ల లెక్కన 30 గాలన్లకు 250. దుప్పట్లు, కుర్చీలు, గ్రిల్, బట్టలు, ఆవకాయ, అన్నీ కలిపి తక్కువలో తక్కువ 520. మొత్తం 4,400. డీలర్ చెప్పిన 5,000లో ఇంకా 600 మిగిలే ఉంది, స్వీట్లు పంచుకోవచ్చు. ఇక్కడే స్టిక్కర్ అడ్డం పడుతుంది. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాని మూతి దగ్గర, అంటే హిచ్ బాల్ మీద పడాలి. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. అది మోసేది కారే కాబట్టి స్టిక్కర్ లెక్కలోకే వస్తుంది. 12 శాతం వేసుకుంటే 528. మనకు మిగిలినది 370. 158 పౌండ్లు ఎక్కువ. పైగా ఈ తరహా కార్లలో చాలావాటికి హిచ్ మీద 500 దాటకూడదని ఇంకో హద్దు. వెనక యాక్సిల్‌కు విడిగా మరొకటి. హద్దులు పెట్టడంలో కార్ల కంపెనీలను మించినవాళ్లు లేరు.

మన వాట్సాప్ నిపుణులు ఊరుకుంటారా? 'మూతి బరువెక్కువైందా, సామాను వెనక్కి జరుపు' అంటారు. జనరేటర్ వెనక బంపర్ మీదికి, సైకిళ్లు దాని పక్కకి, నీళ్ల సీసాల కేసులు వెనక మంచం కిందికి చేరతాయి. కారు వెనక భాగం పైకి లేస్తుంది, చూపులకు ముచ్చటగా ఉంటుంది. టంగ్ వెయిట్ 8 శాతానికి దిగుతుంది. 45 మైళ్ల దాకా ఏమీ తెలియదు. 65కి వచ్చాక ఒక పద్దెనిమిది చక్రాల లారీ పక్కనుంచి దాటుతుంది. దాని ముందుండే గాలి ట్రెయిలర్‌ను మొదట అవతలికి నెడుతుంది, తర్వాత ఇవతలికి లాగుతుంది. మూతి బరువుంటే ఆ ఊపు రెండు సార్లలో చల్లారుతుంది. బరువు ఇరుసుకు వెనక ఉంటే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదై, కారు తోకను పట్టి ఆడిస్తుంది. అప్పుడు మనం సహజంగా చేసే పనులు రెండు: బ్రేకు తొక్కడం, స్టీరింగ్‌ను ఎదురు తిప్పడం. రెండూ ఊపును పెంచుతాయి. చేయాల్సింది వేరు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి, డ్రైవర్ దగ్గరుండి ట్రెయిలర్ బ్రేకుల్ని పనిచేయించే బ్రేక్ కంట్రోలర్ మీది చేతి మీటను నొక్కాలి. ట్రెయిలర్ చక్రాలు మాత్రమే పట్టుకుని, వెనక్కి లాగి, సరళరేఖలోకి తెస్తాయి. దీనికి కంట్రోలర్ ఉండాలన్నది వేరే ఖర్చు. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటితే ట్రెయిలర్‌కు బ్రేకులు తప్పనిసరి. ఆ బ్రేకులకు ఏడు పిన్నుల కనెక్షన్ కావాలి. నాలుగు పిన్నులదైతే లైట్లు వెలుగుతాయి, అంతే. వెలుగుతున్నాయి కదా అని బయల్దేరినవాళ్ల ధైర్యాన్ని ఈ వ్యాసం సముచితంగా గౌరవిస్తోంది.

బరువును సర్దే హిచ్‌ను మనవాళ్లు తాయెత్తులా కడతారు. కట్టాక ఇక ఏ లెక్కా వర్తించదని నమ్మకం. నిజానికి దాని స్ప్రింగ్ కడ్డీలు చేసేది ఒకటే. వెనక చక్రాల మీద పడిన భారంలో కొంత కారు ముందు చక్రాలకు, కొంత ట్రెయిలర్ చక్రాలకు పంచుతాయి. ముందు చక్రాలు తేలితే స్టీరింగ్ తేలిపోతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. అందుకే ట్రెయిలర్ లేకుండా ఒకసారి, తగిలించాక ఒకసారి, కడ్డీలు బిగించాక ఒకసారి ముందు చక్రం మీది రేకు ఎత్తు టేపుతో కొలవాలి. ఎంత దాకా తిరిగి దిగాలో కారు మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని కంపెనీలు అసలా హిచ్చే వాడొద్దంటాయి, అదీ మాన్యువల్‌లోనే ఉంటుంది. మాన్యువల్ గ్లవ్ బాక్సులో, ప్లాస్టిక్ కవర్ విప్పకుండా ఉంటుంది.

టైర్ల గురించి ఎక్కువ చెప్పను. చాలా ట్రెయిలర్ టైర్లు 65 మైళ్ల వేగానికే తయారైనవి, టెక్సాస్‌లో కొన్ని రోడ్ల మీద బోర్డులు 80 అంటాయి. బోర్డు ప్రభుత్వానిది, టైరు మనది. కాలిఫోర్నియాలోనైతే వెనక ట్రెయిలర్ ఉన్న కారు 55 దాటకూడదు. పెట్రోలు కూడా అంతే: గాలన్‌కు 24 మైళ్లిచ్చే కారు, ఆ గోడంత ముఖాన్ని గాలికెదురు లాగేసరికి పదికి దిగుతుంది. పద్దెనిమిది గాలన్ల ట్యాంకుతో ఊరు నుంచి ఊరికి ప్రార్థిస్తూ పోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది లారీలు ఆగే చోట ఉండే, బండ్లను తూచే క్యాట్ స్కేలు. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రెయిలర్ మూడో దాని మీద ఆపి, స్తంభం మీది బటన్ నొక్కి లోపలివాళ్లకు చెబితే చాలు, తూస్తారు; చీటీ లోపల కౌంటరులో చేతికొస్తుంది. ఒక పిజ్జా ఖరీదు కాదు. తర్వాత ట్రెయిలర్‌ను పార్కింగ్‌లో విప్పేసి, కారొక్కటే మళ్లీ తూచితే రెండోసారికి ఇంకా తక్కువ. మొదటి తూకం కడ్డీలు బిగించకుండా తీసి ఉంటే, రెండు తూకాల్లో కారు బరువుల తేడాయే అసలు టంగ్ వెయిట్. ఇంత సులువుగా నిజం బయటపడే ఏర్పాటును ఏ సమాజమూ సహించకూడదు.

ఎందుకంటే ఆ చీటీ చూశాక ఇంట్లో చర్చ మొదలవుతుంది. నీళ్ల ట్యాంకు ఖాళీగా తీసుకెళ్లి క్యాంప్‌గ్రౌండ్‌లో నింపుకుంటే ట్రెయిలర్ 4,150కి దిగుతుంది, 12 శాతానికి 498. హిచ్ హద్దు లోపలే. అమ్మానాన్నల్ని రెండో కారులో పంపితే 290 తగ్గి, మొత్తం 1,188. స్టిక్కర్ నోరు మూసుకుంటుంది. పరిష్కారం దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రెండో కారు నడిపేది బావమరిదేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆయనకింకా ఫోన్ చేయలేదు.